గాజుపెట్టెలో చెరువు

"చేపపిల్లకు ఈత నేర్పవలెనా?" అని మన పెద్దలు ఒక సామెత చెప్పినారు. పుట్టుకతో వచ్చిన విద్యను వేరొకరు నేర్పనక్కరలేదని దాని భావం. నిజమే. కాని ఆ చేపపిల్లను నాలుగు గాజుపలకల నడుమ ఉంచి, "ఇక ఇక్కడ బ్రతుకు" అని మనం శాసించినప్పుడు, నేర్చుకోవలసినవాడు ఒకడు తప్పక ఉంటాడు. వాడు చేప కాదు, చేపను తెచ్చినవాడు. వాడు నేర్చుకోవలసినది ఈత కాదు, నీరు.

ఈ చిన్న సత్యం నాకు బోధపడడానికి పన్నెండు చేపల ప్రాణాలు వ్యయమైనవి. ఆ కథ చెప్పుకొనడం ఉపాధ్యాయునికి గౌరవం కాదు. అయినను తరగతిగదిలో చేపలతొట్టి పెట్టవలెనని ముచ్చటపడే తోటి ఉపాధ్యాయులకు, ఇంటిలో ఒక చిన్న తొట్టిని పెంచుకొనవలెనని తల్లిదండ్రులను వేధించే విద్యార్థులకు అది కొంత పనికివస్తుందన్న ఆశతో చెబుతున్నాను.

నేను గోదావరి డెల్టాలోని ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల గాజుతొట్టి ఒకటి మా తరగతిగదికి వచ్చినది. ఒక ఆదివారం నాడు దానిని కడిగి, ఇసుక పరచి, ముందురోజే పట్టి ఉంచిన కుళాయినీటితో నింపి, సాయంకాలానికి పన్నెండు జీబ్రాచేపలను అందులో వదలినాను. సోమవారం ఉదయం తరగతి అంతా తొట్టి చుట్టూ మూగినది. ప్రతి పిల్లవాడూ తన వంతు చిటికెడు మేత వేసినాడు. గురువారం నాటికి రెండు చేపలు తేలినవి. శుక్రవారం నాలుగు. మరునాటికి మరి అయిదు. చివరకు మిగిలిన ఒక్క చేప తొట్టి మూలన కదలకుండా రెండు దినాలు నిలిచి, అదీ పోయినది.

ఎప్పుడూ వెనుకబల్లలో కూర్చుండే ఒక అమ్మాయి ఆనాడు లేచి అడిగినది: "నీళ్ళు అద్దంలా తేటగా ఉన్నాయి గదా మాస్టారూ, మరి ఎందుకు చచ్చిపోయాయి?"

ఇరువదేండ్లుగా పాఠాలు చెబుతున్నవాడిని. ఏదో ఒక జవాబు చెప్పి కూర్చోబెట్టడం నాకు కష్టం కాదు. కాని ఆ ఖాళీ తొట్టి ఎదుట ఆ పని చేయడానికి మనసొప్పలేదు. "నాకు తెలియదమ్మా. తెలుసుకొని చెబుతాను" అన్నాను.

తేటనీటిలోని విషం

తెలుసుకొనగా తేలినది ఇది. మనం నీటిని కంటితో పరీక్షిస్తాము. చేప మొప్పలతో పరీక్షిస్తుంది. ఈ రెండు పరీక్షలకు పొత్తు లేదు.

చేప తన శరీరంలోని మాలిన్యాన్ని ప్రధానంగా అమ్మోనియా రూపంలో మొప్పల ద్వారా నీటిలోకి వదలుతుంది. తినక మిగిలిన మేత కుళ్ళినప్పుడు పుట్టేదీ అమ్మోనియాయే. అది నీటిలో కరగి కంటికి కనిపించదు. చెరువులో అయితే అది విశాలమైన జలరాశిలో పలుచబడుతుంది. మొక్కలు దానిని ఎరువుగా గ్రహిస్తవి. మిగిలినదానిని సూక్ష్మజీవులు మార్చివేస్తవి. యాభై లీటర్ల కొత్త తొట్టిలో ఈ మూడూ లేవు. చేప తన మాలిన్యంలో తానే ఊపిరాడక చస్తుంది. తరగతిలోని పిల్లలందరూ చిటికెడు చొప్పున వేసిన ప్రేమ ఆ విషాన్ని ఎన్నో రెట్లు పెంచినది.

ఈ అమ్మోనియాను హరించే సూక్ష్మజీవుల సంగతిని 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ వెల్లడించినాడు. ఒక తెగ సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తవి. నైట్రైటు కూడ విషమే. అది చేప రక్తంలో చేరి, ప్రాణవాయువును మోసుకొనిపోయే శక్తిని చెరుస్తుంది. మరొక తెగ దానిని నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు చాలవరకు నిరపాయకరం, మొక్కలకు ఆహారం. ఈ రెండు పనులనూ తానొక్కటే చేయగల సూక్ష్మజీవులు కూడ ఉన్నవని 2015లో తెలిసినది. అట్టివానిలో ఒకటి చేపల పెంపకానికి వాడే నీటిని శుద్ధిచేసే సాధనంలోనే దొరకడం విశేషం.

ఈ జీవులు ఇసుకరేణువులమీద, రాళ్ళమీద, స్పంజిలోని సందులలో కాపురముంటవి. అవి కొత్త తొట్టిలో తగినంతగా వృద్ధిచెందడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. నేను వానికి ఇచ్చిన గడువు కొన్ని గంటలు. కాపురం పెట్టకముందే చుట్టాలను పిలిచిన చందమైనది నా పని.

రెండవసారి ఆ తప్పు చేయలేదు. తొట్టిలో నీరు, ఇసుక, మొక్కలు అమర్చి, చేపలు లేకుండానే ప్రతిదినం చిటికెడు మేత మాత్రం వేయించినాను. అది కుళ్ళి అమ్మోనియా పుట్టినది. దానిని తిని సూక్ష్మజీవులు పెరిగినవి. రంగుమారే పరీక్షాద్రవాలతో పిల్లలు వారానికి రెండుసార్లు నీటిని పరీక్షించి, ఒక నోటుపుస్తకంలో వ్రాసినారు. మొదట అమ్మోనియా పెరిగినది. అది తగ్గుతూ ఉండగా నైట్రైటు పెరిగినది. అయిదవ వారానికి రెండూ సున్న అయినవి. ఖాళీ తొట్టిని నెలకుపైగా చూస్తూ కూర్చోవడం పిల్లలకు దుర్భరమే. కాని పుస్తకంలో బాణపు గుర్తులతో గీసి వల్లెవేయించే నత్రజని వలయం ఆ అయిదు వారాలలో వారి కళ్ళయెదుట నడిచినది.

లండనులో ఒక నత్త

చేప, మొక్క పరస్పరం పోషించుకొంటవన్న భావం కొత్తది కాదు. 1771లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ, కొవ్వొత్తి మండి ఆరిపోగా చెడిన గాలిని పుదీనా కొమ్మ మరల బాగుచేస్తుందని చూపినాడు. ఆ పనికి వెలుతురు అవసరమని, ఆకులలోని పచ్చని భాగాలే దానిని చేస్తవని 1779లో యాన్ ఇంగెన్‌హౌస్ నిరూపించినాడు. హైడ్రిల్లామీద గరాటు బోర్లించి, దానిపై పరీక్షనాళిక నిలిపి, ఎండలో బుడగలను లెక్కించే ప్రయోగం చేయని పాఠశాల మన దేశంలో ఉండదు.

ఈ సూత్రాన్ని తొట్టిలోకి తెచ్చినవాడు రాబర్ట్ వారింగ్టన్ అనే లండను రసాయనశాస్త్రజ్ఞుడు. 1849లో ఆయన ఒక గాజుపాత్రలో రెండు చిన్న బంగారుచేపలను, వాలిస్నేరియా అనే నీటిమొక్కను కలిపి ఉంచినాడు. మొక్క ప్రాణవాయువునిస్తుంది, చేప విడిచిన బొగ్గుపులుసు వాయువును మొక్క గ్రహిస్తుంది, రెండూ సుఖంగా ఉండవలె. కాని కొద్దికాలానికి మొక్క పాతాకులు కుళ్ళి, నీరు కలుషితమై, గాజుగోడలమీద జిగురుపాచి పట్టినది. అప్పుడాయన చెరువులలో కుళ్ళిన ఆకులను ఏది తినివేస్తున్నదో ఆలోచించినాడు. కొన్ని నీటినత్తలను తెచ్చి తొట్టిలో వేసినాడు. అవి కుళ్ళును, పాచిని తిన్నవి. వాని గ్రుడ్లు చేపలకు ఆహారమైనవి. తొట్టి తేరుకొన్నది. 1850లో ఈ పరిశీలనను ఆయన ప్రకటించినాడు. మూడేండ్లకు, 1853లో, లండను జంతుప్రదర్శనశాలలో ప్రజలు చూడదగిన మత్స్యశాల తెరచినారు.

నాకీ కథలో మిక్కిలి ప్రియమైన పాత్ర ఆ నత్త. చేపను అందరూ చూస్తారు, మొక్కను కొందరు చూస్తారు, నత్తను ఎవరూ చూడరు. కాని కుళ్ళినదానిని తిని బ్రతికే ప్రాణి లేకపోతే పచ్చనిదీ లేదు, ఈదేదీ లేదు.

మొక్కల కాపురం

మొక్కలు నాటదలచినవారు తొట్టి అడుగున పలుచగా చెరువు బంకమట్టిని, దానిమీద రెండంగుళాల మందాన బాగుగా కడిగిన ఏటియిసుకను పరచవలెను. అలంకారానికి పెట్టే రాయిమీద ముందుగా నిమ్మరసం రెండుచుక్కలు వేసి చూడవలెను; బుసబుస పొంగితే అది సున్నపురాయి, నీటిని కఠినజలం చేస్తుంది గనుక మానవలెను. పంచాయతీ కుళాయినీటిలో క్లోరిన్ ఉంటుంది; వెడల్పైన పాత్రలో ఒకదినం తెరచి ఉంచితే చాలవరకు పోతుంది. కొన్ని పట్టణాలలో కలిపే క్లోరమైను మాత్రం అట్లా పోదు. దానికి సోడియం థయోసల్ఫేటు గల మందుచుక్కలు వేయక తప్పదు.

వెనుకవరుసలో వాలిస్నేరియా నాటితే అది రిబ్బనులవంటి ఆకులతో నిటారుగా లేచి, ఇసుకలో తీగెలు సాగించి పిల్లమొక్కలు పెడుతుంది. హైడ్రిల్లా మన పంటకాలువలన్నిటిలో దొరుకుతుంది. ఇసుకలో గుచ్చినా, నీటిలో వదలినా పెరుగుతుంది. కాలువనుండి తెచ్చిన మొక్కను తిన్నగా తొట్టిలో వేయరాదు. దానితోపాటు జలగలు, తూనీగపిల్లలు వచ్చును. తూనీగపిల్ల చూపులకు అల్పప్రాణి. కాని చిన్న చేపపిల్లలను పట్టి తినే వేటగాడు. ఒక వారం వేరే బకెట్టులో ఉంచి, రెండు మూడు నీళ్ళు మార్చి, అప్పుడు నాటవలెను.

వెలుతురు దినానికి ఎనిమిది గంటలు చాలును. కిటికీలోని ఎండ తొట్టిమీద సూటిగా పడరాదు. పడితే నీరు వేడెక్కుతుంది, పాచి కమ్ముతుంది. పాచి కమ్మినదంటే మొక్కలు తినగలిగినదానికంటె వెలుతురో, ఎరువో ఎక్కువైనదని అర్థం. పాచిని తిట్టడం కంటె దాని మాట వినడం మేలు.

ఇక్కడ విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు ఒకటి ఉన్నది. మొక్కలు ఎల్లవేళలా ప్రాణవాయువునే ఇస్తవని వారు తలుస్తారు. పగలు మాత్రమే ఇస్తవి. శ్వాసక్రియ మొక్కకూ రాత్రింబవళ్ళు ఉన్నదే. చీకటిలో అది చేపతో పోటీపడి ప్రాణవాయువును వాడుకొంటుంది. అందుచేత దట్టంగా మొక్కలున్న తొట్టిలో ప్రాణవాయువు అన్నిటికంటె తక్కువగా ఉండే వేళ తెల్లవారుజాము. వేకువను చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే కారణం అదే. చిన్న గాలిపంపుతో నడిచే స్పంజివడపోత ఒకటి రాత్రంతా నడిస్తే ఈ చిక్కు ఉండదు. పైగా ఆ స్పంజియే సూక్ష్మజీవులకు ఇల్లు. దానిని కుళాయికింద కడుగరాదు. తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను. కుళాయికింద కడిగితే క్లోరిన్ తగిలి, అయిదు వారాల కాపురం అయిదు నిమిషాలలో కూలిపోతుంది.

వరిమడి చేప, శాస్త్రలోకపు చేప

ఇంత చిన్న తొట్టికి ఏ చేప తగినది? బంగారుచేప తగదు, అది పెరిగి పెద్దదై తొట్టిని మించుతుంది. దక్షిణ అమెరికానుండి వచ్చిన నియాన్ టెట్రా మిక్కిలి అందమైనది. కాని మెత్తని నీటిని కోరుతుంది, కొత్త తొట్టిలో త్వరగా నలుగుతుంది. మా తరగతికి మేము జీబ్రాచేపనే మరల ఎన్నుకొన్నాము. అది మన దేశపు చేప. చిటికెనవ్రేలంత పొడవు, పక్కలను తలనుండి తోకచివరిదాకా సాగిన నీలిచారలు. మగది సన్నగా, బంగారు ఛాయతో ఉంటుంది. ఆడది కడుపు నిండుగా ఉంటుంది.

ఈ చేపను మొదట శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే వైద్యుడు. గంగానది, దాని ఉపనదులలోని చేపలను వర్ణిస్తూ ఆయన రచించిన గ్రంథం 1822లో వెలువడినది. నేడు దీని శాస్త్రీయనామం డానియో రెరియో. డానియో అన్న మాటకు మూలం బెంగాలీ ప్రాంతపు పేరు అనీ, దానికి వరిమడికి సంబంధించినదని అర్థమనీ చెబుతారు. మెల్లగా పారే వాగులు, మడుగులు, వరిపొలాల అంచులలోని నిలువనీరు దీని సహజనివాసాలు. డెల్టాలో పుట్టి పెరిగిన మా పిల్లలకు ఆ పేరు వినగానే చేపతో చుట్టరికం కలిసినది.

ఈ వరిమడి చేప ఈనాడు ప్రపంచంలోని ప్రయోగశాలలలో కొలువుతీరి ఉన్నది. దీని పిండం గాజువలె పారదర్శకం. గ్రుడ్డు ఫలదీకరణం చెందిన ఒక్క దినానికే గుండె కొట్టుకొనడం సూక్ష్మదర్శినిలో కనిపిస్తుంది. రెండు మూడు దినాలకు పిల్ల బయటికి వస్తుంది. అమెరికాలోని ఓరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ దీనిపై చేసిన జన్యుపరిశోధన 1981లో వెలువడిన పిమ్మట జీవశాస్త్రజ్ఞుల చూపు దీనిపై నిలిచినది. గుండెలో కొంతభాగాన్ని తొలగించినా ఈ చేప దానిని మరల పెంచుకొనగలదని 2002లో తేలినది. 2013లో దీని జన్యుపటం సంపూర్ణంగా ప్రకటించినప్పుడు, మానవజన్యువులలో సుమారు 70 శాతానికి దీనిలో సాటివి ఉన్నవని తెలిసినది. మన హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రంలోను దీనిపై పరిశోధనలు జరుగుతున్నవి.

వారింగ్టన్ గాజుపాత్ర కథకు తాజా అధ్యాయం ఆకాశంలో వ్రాయబడినది. 2024 ఏప్రిలులో చైనావారు నాలుగు జీబ్రాచేపలను, కొంత నీటిమొక్కను మూసిన తొట్టిలో పెట్టి తమ అంతరిక్షకేంద్రానికి పంపినారు. మొక్క ఇచ్చే ప్రాణవాయువుతో చేప, చేప ఇచ్చే ఎరువుతో మొక్క బ్రతికినవి; ఆ చిన్న లోకం 43 దినాలు నిలిచినది. భూమి కూడ అట్టి మూసిన తొట్టియే గదా అని చెప్పినప్పుడు తరగతిలో చప్పుడు లేదు.

మత్స్యన్యాయానికి జవాబు

పెద్దచేప చిన్నచేపను మ్రింగడాన్ని మన రాజనీతిజ్ఞులు మత్స్యన్యాయమన్నారు. రాజు దండం విడిచిన నాడు లోకం అట్లా అవుతుందని కౌటిల్యుడు హెచ్చరించినాడు. కాని చిన్నచేప ఊరక మ్రింగబడుతూ కూర్చోలేదు. దానికి రాజు లేడు, దండం లేదు. అయినను ఒక జవాబు కనిపెట్టుకొన్నది. అదే గుంపు.

వేయి చేపలు కలసి ఒక్కసారిగా మలుపు తిరిగినప్పుడు వేటాడవచ్చిన పెద్దచేపకు ఏ ఒక్కదానిమీదా చూపు నిలువదు. గుంపులో ఉన్నదానికి తన్ను పట్టుకొనే అవకాశం తోటివారందరితో పంచుకొన్నంత తగ్గుతుంది. ప్రతిప్రాణీ తన ప్రాణం కాపాడుకొనడానికే ఇరుగుపొరుగుల నడుమకు చేరుతుందని, ఆ స్వార్థాలన్నీ కలసియే గుంపు అవుతుందని 1971లో డబ్ల్యూ. డి. హామిల్టన్ వాదించినాడు. మన చేపను వర్ణించిన హామిల్టన్ వేరు, ఈ హామిల్టన్ వేరు. ఇద్దరి నడుమ నూటయాభై సంవత్సరాలు ఉన్నవి.

గుంపుకు నాయకుడు లేడు. ఆజ్ఞ ఇచ్చేవాడు లేడు. మరి అంతటి క్రమం ఎట్లా వస్తుంది? 1987లో క్రెయిగ్ రేనాల్డ్స్ అనే కంప్యూటరు శాస్త్రజ్ఞుడు మూడు సూత్రాలతో తెరమీద ఒక గుంపును సృష్టించి చూపినాడు. పొరుగువానిని ఢీకొనకు, పొరుగువాడు పోయే దిక్కునకే పో, పొరుగువారికి దూరం కాకు. ఇంతే. చేప ఈ మూడింటినీ కంటితోను, తన పక్కలవెంట సాగే పార్శ్వరేఖతోను పాటిస్తుంది. పార్శ్వరేఖ నీటిలోని సూక్ష్మమైన కదలికను గ్రహించే ఇంద్రియం. చూపు లేకుండ చేసిన చేప కూడ దాని సాయంతో గుంపులో ఈదగలదని 1976లో జరిగిన ఒక ప్రయోగం చూపినది.

జీబ్రాచేప పిల్లదశలో ఏ చారలవారితో పెరుగుతుందో పెద్దయిన తరువాత ఆ చారలవారినే వెదకి చేరుతుందని కూడ పరిశోధకులు గమనించినారు. కావున ఇట్టి చేపను ఒంటిగా ఉంచడం, జతగా ఉంచడం కూడ, దానికి ఒక శిక్ష. తక్కువలో తక్కువ ఎనిమిదింటిని కలిపి ఉంచవలెను. ఇది చదివిన నాడు నాకు మూలన రెండు దినాలు నిలిచిన ఆ చివరి చేప జ్ఞాపకం వచ్చినది. దానిని నీరు ఒక్కటే చంపినదో, మరేదైనా తోడైనదో చెప్పజాలను.

దినచర్య

రెండవసారి పన్నెండు చేపలను ఒకేమారు వదలలేదు. మొదట ఆరు, రెండు వారాల పిదప ఆరు. సంచిని విప్పకుండ పావుగంట తొట్టినీటిపై తేలవిడిచి, లోపలి వేడిమి, బయటి వేడిమి సమానమైన తరువాత, తొట్టినీరు కొద్దికొద్దిగా సంచిలో కలుపుతూ విడిచినాము. తొట్టికి మూత తప్పనిసరి. జీబ్రాచేప నీటిపైకి ఎగురుతుంది.

మేత రెండు నిమిషాలలో తినగలిగినంతే వేయవలెను. వారానికి ఒకదినం ఉపవాసం పెట్టినా నష్టం లేదు. వారానికి ఒకసారి నాలుగవ వంతు నీటిని తీసి, క్లోరిన్ పోయిన కొత్తనీరు పోయవలెను. తీసిన నీటిని పారబోయరాదు. అది మంచి ఎరువు. మా పాఠశాలలోని బంతిమొక్కలు ఆ నీటితో విరగబూసినవి.

మన వేసవి ఈ తొట్టికి పెద్ద పరీక్ష. నీరు వేడెక్కినకొద్దీ దానిలో ఇమిడే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు ఇమిడితే, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే. అదే సమయంలో చేపకు కావలసినది మాత్రం పెరుగుతుంది. కావున ఎండకాలంలో మూతను ఎత్తి, దానికి బదులు వల కప్పి, నీటిమీదుగా ఫ్యానుగాలి తగిలేటట్లు చేయవలెను; మేత తగ్గించవలెను; గాలిపంపును ఆపరాదు.

చెరువుకు పంపరాదు

ఏప్రిలు వచ్చినది. వేసవి సెలవులలో తొట్టిని ఎవరు చూస్తారన్న ప్రశ్న లేచినది. ఒక పిల్లవాడు జాలితోనే అన్నాడు: "ఊరిచెరువులో వదిలేద్దాం మాస్టారూ, హాయిగా బతుకుతాయి."

నేను వాళ్ళను కాలువగట్టుకు తీసుకొనిపోయినాను. అక్కడ గుర్రపుడెక్క గట్టునుండి గట్టుదాకా కమ్ముకొని ఉన్నది. అది మన మొక్క కాదు. దక్షిణ అమెరికానుండి, ఊదాపూల అందానికి మోజుపడి మనుష్యులు తెచ్చిన అలంకారపు మొక్క. మన హైడ్రిల్లా చేపలతొట్ల వ్యాపారం ద్వారా 1950ల నాటికి అమెరికాలోని ఫ్లోరిడా చేరి, అక్కడి సరస్సులకు ఇట్టి పీడయే అయినది. తొట్టిగాజుపై పాచి నాకుతుందని కొన్న సక్కరుచేప పెద్దదయ్యేసరికి ఎవరో చెరువులో విడిచినారు. నేడది మన తెలుగుదేశపు జలాశయాలలో పాదుకొని, తన ముండ్లతో జాలరుల వలలను చింపుతున్నది. జన్యువులు మార్చి వెలుగులీనేటట్లు చేసిన జీబ్రాచేపలు పెంపకపు చెరువులనుండి తప్పించుకొని బ్రెజిల్ వాగులలో సంతతి పెంచుకొంటున్నవని 2022లో శాస్త్రజ్ఞులు ప్రకటించినారు.

"జీబ్రాచేప మన దేశానిదే గదా?" అని వాడు మరల అడిగినాడు. మంచి ప్రశ్నయే. దేశం మనదే; కాని అంగడి చేపలు తరతరాలుగా తొట్లలో పుట్టి పెరిగినవి. వానితో ఏ రోగం చెరువుకు పోతుందో కంటికి కనిపించదు. తేటనీటిలో విషం కనిపించిందా?

భాగవతంలోని సత్యవ్రతుని కథ అప్పుడు వారికి చెప్పినాను. కృతమాలానదిలో తర్పణం విడుస్తున్న ఆ రాజు దోసిలిలోకి ఒక చిన్నచేప వచ్చినది. నదిలో విడువబోతే, "పెద్దచేపలు నన్ను మ్రింగుతవి, కాపాడు" అని వేడినది. ఆయన దానిని కమండలంలో ఉంచినాడు. అది తెల్లవారేసరికి కమండలాన్ని మించినది. అంతకంతకు పెద్ద పాత్రకు, పిదప సరస్సుకు, తుదకు సముద్రానికి మార్చవలసివచ్చినది. ఆ మత్స్యం విష్ణుమూర్తి అన్నది భక్తుల మాట. నేను తరగతిలో చెప్పినది వేరొక మాట. దోసిలిలోకి తీసుకొన్న ప్రాణి ఎంత పెరిగితే మన బాధ్యత అంత పెరుగుతుంది. బరువైనదని నడుమ దించడానికి వీలులేదు.

ఆ వెనుకబల్ల అమ్మాయి ఇల్లు పాఠశాల వెనుకవీధిలోనే. దినం విడిచి దినం వచ్చి మేత వేసి, వారానికొకసారి నీరు మార్చి పోతానన్నది. ప్రధానోపాధ్యాయుని అనుమతితో తాళంచెవిని రాత్రికాపలా ఉండే ఆయనవద్ద ఉంచి, నోటుపుస్తకాన్ని ఆమె చేతికిచ్చినాను.

జూను రెండవ వారంలో బడి తెరచినారు. నేను ముందుగా చూచినది తొట్టిని కాదు, పుస్తకాన్ని. నలుబదియారు దినాల సెలవులలో ఇరువదిమూడు నమోదులు ఉన్నవి. మే నెల నడిమికి వచ్చేసరికి ఒకచోట అక్షరాలు కొంచెం వణికినట్లు ఉన్నవి: "కరెంటు పోయింది. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. చెంబుతో నీళ్ళు తీసి ఎత్తునుంచి పోస్తూ కూర్చున్నాను. రెండు గంటలకు కరెంటు వచ్చింది." దాని క్రింద మరునాటి తేదీ. ఆ దినం ఆమె రానక్కరలేదు, అయినా వచ్చినది. ఒక్క వాక్యమే వ్రాసినది.

"చేపలు పన్నెండు. అన్నీ ఉన్నాయి."